సరిహద్దు ప్రాంతంలో ధారణా పరీక్షలు: 'ఆర్' గణనసాధనంతో తొలి అడుగులు

బాలుర ధారణాశక్తిని కొలుచుటకు మనోవిజ్ఞానశాస్త్రంలో వాడుకలో ఉన్న పరీక్షలన్నింటిలో అంకెల పరీక్ష మిక్కిలి సులభమైనది. పరీక్షకుడు సెకనుకొక అంకె చొప్పున కొన్ని అంకెలను పలుకుతాడు. బాలుడు వాటిని అదే క్రమంలో తిరిగి చెప్పవలెను. రెండు మూడంకెలతో మొదలుపెట్టి, ఒక్కొక్క అంకె పెంచుతూ పోయి, ఒకే పొడవు గల వరుసలలో రెండుసార్లు తప్పినచోట పరీక్షను ఆపివేస్తారు. దీనికి పుస్తకం అక్కరలేదు, చిత్రపటం అక్కరలేదు. బాలునికి అక్షరజ్ఞానం కూడ అక్కరలేదు. ఈ కారణం చేతనే దీనిని ఏ భాషలో జరిపినా ఒక్కటే ఫలితం వస్తుందన్న అభిప్రాయం చాలమందిలో ఉన్నది. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో చూచుటకు ప్రాచ్యకళాశాల అధ్యాపకునికి కొత్త విద్య ఏదీ అవసరం లేదు. లఘుగురువులు తెలిసి ఉంటే చాలును.

ఒకటి మొదలు తొమ్మిది వరకు గల తెలుగు సంఖ్యావాచకాలను మాత్రలలో లెక్కించినచో 'ఒకటి', 'రెండు', 'మూడు', 'ఐదు', 'ఆరు', 'ఏడు' అనునవి మూడేసి మాత్రలు, 'నాలుగు', 'ఎనిమిది', 'తొమ్మిది' అనునవి నాలుగేసి మాత్రలు. మొత్తం 30 మాత్రలు. అక్షరాలు 23. మరాఠీలో ఏక్, దోన్, తీన్, చార్, పాచ్, సాత్, ఆఠ్ అను ఏడు పదాలు పలుకుబడిలో ఒక్కొక్క గురువు మాత్రమే. సహా, నఊ అనునవి మూడేసి మాత్రలు. మొత్తం 20 మాత్రలు. కన్నడంలో ఒందు మొదలు ఒంబత్తు వరకు లెక్కించినచో 29. ఉర్దూలో తొమ్మిది పదాలును తొమ్మిది గురువులు, అనగా 18 మాత్రలే. తెలుగు బాలుడు తొమ్మిదంకెలు పలుకుటకు వెచ్చించే మాత్రలు మరాఠీ బాలుని మాత్రలకు ఒకటిన్నర రెట్లన్నమాట.

ఈ తేడా లెక్కకే పరిమితమైనది కాదు. 1956లో జార్జి మిల్లర్ మనుష్యుని తాత్కాలిక ధారణ ఏడంకెలకు అటు ఇటుగా ఉంటుందని ప్రతిపాదించాడు. 1975లో అలన్ బాడ్లీ, ఆయన సహచరులు దానికి ఒక ముఖ్యమైన సవరణ చేర్చారు. ధారణకు హద్దు పదాల సంఖ్య ఒక్కటే కాదు, వాటిని పలుకుటకు పట్టే కాలం కూడ. సుమారు రెండు సెకన్లలో లోలోపల వల్లె వేసుకొనగలిగినంత మేరకు మనస్సు నిలుపుకొంటుంది. 1980లో ఎల్లిస్, హెన్నెలీ అను పరిశోధకులు వేల్స్ దేశపు ద్విభాషులపై దీనిని పరీక్షించారు. అంతకు ముందు వెల్ష్ భాషలో పరీక్షించిన పిల్లలకు అంకెల పరీక్షలో తక్కువ మార్కులు వచ్చేవి. వెల్ష్ అంకెలు పలుకుటకు ఆంగ్లపు అంకెల కంటె ఎక్కువ కాలం పడుతుంది. ఆ కాలాన్ని లెక్కలోనికి తీసుకొన్నప్పుడు వెల్ష్ బాలుని 'లోపం' మాయమైనది. పిల్లవానిది కాని లోపం పిల్లవాని పేర నమోదయిందని తేలినది.

ఇక మద్నూర్ సంగతి. ప్రస్తుతం కామారెడ్డి జిల్లాలో ఉన్న ఈ మండలం మహారాష్ట్రకు ఆనుకొని ఉన్నది. అవతల నాందేడ్ జిల్లా దెగ్లూరు. పక్కనే ఉన్న జుక్కల్ వైపు నుండి కర్ణాటకలోని బీదర్ జిల్లా దూరం కాదు. 1956 నాటి రాష్ట్ర పునర్విభజనలో దెగ్లూరు తాలూకాకు చెందిన బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు నిజామాబాదు జిల్లాలో చేరాయి. రాష్ట్రపు గీత మారినంతమాత్రాన నాలుక మారదు. ఇక్కడి సంతలో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ నాలుగును వినబడతాయి. ఇంట మరాఠీ, బడిలో తెలుగు, వీధిలో ఉర్దూ గల బాలునికి అంకెల పరీక్ష ఏ భాషలో పెట్టవలెను? పెట్టిన తరువాత వచ్చిన సంఖ్యను ఎట్లు చదువవలెను? శ్లోకపఠనం వలన పిల్లల ధారణ పెరుగునా అని పరిశీలింపదలచిన అధ్యాపకుడు ఈ ప్రాంతంలో మొట్టమొదట ఎదుర్కొనే ప్రశ్న ఇదే. గణనసాధనం ఈ ప్రశ్నను తనంతట తాను అడగదు. ఏ సంఖ్యలు ఇస్తే వాటికి సగటు కట్టి ఇస్తుంది.

'ఆర్' అను సాధనం

సాంఖ్యక గణనకు ఎస్‌పీఎస్‌ఎస్ అను సాఫ్ట్‌వేర్ 1968 నుండి ప్రసిద్ధమైనది. దానికి రుసుము చెల్లించవలెను. చిన్న కళాశాలకు అది భారమే. 'ఆర్' ఉచితంగా లభిస్తుంది. న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను ఇద్దరు 1990 తరువాతి సంవత్సరాలలో దీనిని రూపొందించారు. ఇద్దరి పేర్లలోని తొలి అక్షరమే దీనికి పేరైనది. బెల్ ప్రయోగశాలలో జాన్ చేంబర్స్ తదితరులు నిర్మించిన 'ఎస్' అను గణనభాష దీనికి మాతృక. 2000 ఫిబ్రవరి 29న దీని తొలి సంపూర్ణ ప్రతి వెలువడినది. మానసిక పరీక్షలకు ప్రత్యేకంగా ఉపకరించే 'సైక్' అను అనుబంధ ప్యాకేజీని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం రెవెల్ సమకూర్చాడు. అదియును ఉచితమే. ఆదేశాలను టైపు చేయుటకు జంకేవారికి ఆర్ పునాదిపైననే నిర్మితమైన 'జమోవి' అను సాధనం ఉన్నది. అందులో మౌస్‌తో నొక్కుతూ పోవచ్చును. అయినను ఆదేశాలు వ్రాసే పద్ధతినే నేర్చుకొనుట మేలు. అందుకు కారణం చివర తెలియగలదు.

ఆర్‌ను తెరచినప్పుడు ఒక బాణపు గుర్తు మాత్రమే కనబడుతుంది. అది ప్రశ్నకై ఎదురుచూచే గుర్తు. కూడిక వ్రాసి ఎంటర్ నొక్కితే జవాబు ఇస్తుంది. ఆదేశాలన్నీ రోమను అక్షరాలలోనే ఉంటాయి. పెద్దబడి, చిన్నబడి అక్షరాలను అది వేర్వేరుగా చూస్తుంది. కొత్తవారి పొరపాట్లలో సగం ఇక్కడివే.

పట్టిక

గణన కంటె పట్టిక ముఖ్యమైనది. తొలిసారి ఈ పనికి దిగినవారు పట్టికపై ఒక పూట, గణనపై ఒక నెల వెచ్చిస్తారు. దీనిని తారుమారు చేయవలెను. ఒక్కొక్క బాలునికి ఒక్కొక్క అడ్డువరుస, ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క నిలువువరుస. బాలుని పేరు పట్టికలోనికి రాకూడదు. ఒక సంఖ్య ఇచ్చి, పేర్ల జాబితాను వేరుగా భద్రపరచవలెను. వయస్సును సంవత్సరాలలో కాక నెలలలో వ్రాయుట మంచిది. ఎనిమిదేండ్లు నిండిన బాలునికి, మరునెలలో తొమ్మిది నిండే బాలునికి మధ్య తేడా ధారణలో కనబడుతుంది.

భాష అన్న ఒక్క గడి మద్నూర్ వంటి చోట చాలదు. ఇంటి భాష ఒక వరుస, బోధనామాధ్యమం ఒక వరుస, పరీక్ష జరిపిన భాష ఒక వరుస, బాలుడు జవాబు చెప్పిన భాష ఇంకొక వరుస కావలెను. చివరిది చాలమంది మరచిపోతారు. తెలుగులో విన్న అంకెలను లోలోపల మరాఠీలోనికి మార్చుకొని నిలుపుకొని, మరల తెలుగులో అప్పజెప్పే బాలుడు చేసేది వేరొక పరీక్ష. బాలుని పెదవుల కదలికను గమనించి, పరీక్ష తరువాత 'లోపల ఏ భాషలో అనుకొన్నావు?' అని అడిగి వ్రాసుకొంటే ఆ సమాచారం వ్యర్థం కాదు.

మొత్తం మార్కులను మాత్రమే పట్టికకెక్కించుట మరొక దోషం. ప్రతి వరుసకు బాలుని జవాబు ఒప్పైతే 1, తప్పైతే 0 అని విడివిడిగా వ్రాయవలెను. మొత్తాన్ని ఆర్ కట్టగలదు. మొత్తం నుండి భాగాలను ఎవరూ రాబట్టలేరు. సున్న వేరు, ఖాళీ వేరు. జవాబు తప్పు చెప్పినవానికి సున్న. ఆనాడు బడికి రానివానికి ఖాళీ. ఖాళీకి బదులు 99 అని వ్రాసే అలవాటు పాత కార్యాలయాల నుండి వచ్చినది. అది ప్రమాదకరం. పందొమ్మిదిమందికి ఐదేసి మార్కులు వచ్చి, ఇరవైయవవాని గడిలో 99 ఉన్నదనుకొందాం. తరగతి సగటు 9.7 అగును. ఒక్కరికైనను అన్ని మార్కులు రాకపోయినా సగటు మాత్రం వస్తుంది.

తెలుగు లిపి విషయంలో రెండు జాగ్రత్తలు. మొదటిది, అంకెలను 1, 2, 3 అనియే వ్రాయవలెను. ౧, ౨, ౩ అని వ్రాసినచో ఆర్ వాటిని సంఖ్యలుగా గుర్తింపదు, అక్షరాలుగానే భావిస్తుంది. రెండవది, పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పేర్లు ఆర్‌లో అర్థంలేని రోమను గుర్తులుగా కనబడతాయి. వాటిని యూనికోడ్‌లోనికి మార్చుకొనవలెను. 2022లో వెలువడిన 4.2 ప్రతి నుండి విండోస్ కంప్యూటర్లలో కూడ ఆర్ యూనికోడ్ తెలుగును చక్కగా చదువుతున్నది. గడులలో 'తెలుగు', 'మరాఠీ' అని తెలుగు లిపిలోనే ఉంచవచ్చును. నిలువువరుసల పేర్లను మాత్రం చిన్న రోమను పదాలుగా పెట్టుకొనుట సుఖం.

తొలి పరిశీలన

పట్టికను ఎక్సెల్‌లో సిద్ధపరచి సీఎస్‌వీ అను సాదా రూపంలో భద్రపరచవలెను. 'రీడ్.సీఎస్‌వీ' అను ఆదేశం దానిని ఆర్‌లోనికి తెస్తుంది. వెంటనే సగటుల కోసం పరుగెత్తరాదు. 'ఎస్‌టీఆర్' అను ఆదేశం ఏ వరుసను సంఖ్యగా, ఏ వరుసను అక్షరాలుగా గ్రహించినదీ చూపుతుంది. వయస్సు వరుస అక్షరాలుగా కనబడితే ఎక్కడో ఎవరో '102 నెలలు' అని వ్రాసి ఉంటారు. పిమ్మట 'సమరీ' ఆదేశం ప్రతి వరుసకు కనిష్ఠ, గరిష్ఠ, మధ్యగత విలువలను, ఖాళీల సంఖ్యను ఇస్తుంది. తొమ్మిది మార్కుల పరీక్షలో గరిష్ఠం 55 అని కనబడితే 5ను రెండుసార్లు నొక్కినట్లు అర్థం.

'మీన్' అను ఆదేశంతో సగటు అడిగినప్పుడు ఒక్క గడి ఖాళీ ఉన్నను ఆర్ సగటు ఇవ్వక 'ఎన్ఏ' అని మాత్రమే అంటుంది. ఖాళీలను వదిలి లెక్కించుమని విడిగా చెప్పవలెను. కొత్తవారు దీనిని మొండితనమనుకొంటారు. నిజానికిది సద్గుణం. ఎవరు పరీక్షకు రాలేదు, ఎందుకు రాలేదు అని పరిశోధకుడు ఒక క్షణం ఆగి ఆలోచించుకొనునట్లు చేస్తుంది. పత్తి తీత కాలంలో బడి మానిన పిల్లలే ఆ ఖాళీలైతే, మిగిలినవారి సగటు తరగతి సగటు కానేరదు.

పిమ్మట 'బాక్స్‌ప్లాట్' ఆదేశంతో మాధ్యమాల వారీగా పటం గీయించవలెను. తెలుగు మాధ్యమపు పెట్టె కొంచెం కిందుగా, మరాఠీ మాధ్యమపు పెట్టె కొంచెం పైగా కనబడినదని అనుకొందాం. 'టీ.టెస్ట్' ఆదేశమిచ్చిన మరుక్షణం రెండు సగటుల భేదం, దాని సంభావ్యత తెరపై నిలుస్తాయి. (ఆర్ ఇక్కడ స్వతస్సిద్ధంగా వాడునది వెల్చ్ అను శాస్త్రవేత్త పద్ధతి, రెండు వర్గాల విస్తృతి సమానమని అది ముందే ఊహింపదు. పైని వెల్ష్ భాషతో దీనికి చుట్టరికం లేదు.) సంభావ్యత 0.05 కంటె తక్కువగా ఉన్నదని చూచి 'తెలుగు మాధ్యమ బాలురకు ధారణ తక్కువ' అని వ్రాసివేయుట ఎంత సులభమో గమనింపవలెను. గణన తప్పు కాదు. ప్రతిపాదనే తప్పు. మాత్రల లెక్క ఎరిగినవాడు ఆ వాక్యం వ్రాయలేడు.

దీనికి ఉపాయం పట్టికలో ఇంకొక నిలువువరుస. అంకెల జాబితా నొకదానిని బాలుని చేత వీలైనంత వేగంగా చదివించి, పట్టిన కాలాన్ని స్టాప్‌వాచ్‌తో కొలిచి వ్రాసుకొనవలెను. ఛందస్సులోని మాత్ర శాస్త్రీయమైన కొలత. నోటిలోని కాలం వేరు. వేగంగా పలికేటప్పుడు 'నాలుగు' 'నాల్గు' అగును, ఒక మాత్ర తగ్గును. ప్రతి భాషకు తనదైన ధాటి ఉంటుంది. అందువలన 30కి 20 అన్న నిష్పత్తిని నేరుగా సవరణగా వాడరాదు. కొలిచిన కాలమే ప్రమాణం. పిమ్మట 'ఎల్ఎం' అను ఆదేశంతో ప్రతిగమన సమీకరణం వ్రాయవలెను. ఎడమవైపు ధారణ, నడుమ అలవంటి గుర్తు, కుడివైపు వయస్సు, మాధ్యమం, పఠనకాలం. మొదట పఠనకాలం లేకుండ ఒకసారి, దానిని చేర్చి మరొకసారి గణింపజేసి, మాధ్యమం పక్కనున్న సంఖ్య ఎంత మారినదో పోల్చవలెను. అది సున్న వైపు కుంగినచో తేడాలో ఆ మేరకు భాగం పలుకుబడి కాలంతో ముడివడి ఉన్నదని చెప్పవచ్చును. కుంగకపోతే మాత్రం బాలుర స్థితిగతులు, బడి, పరీక్షకుడు మొదలగు ఇతర కారణాలను వెదకవలసి ఉంటుంది. ఒకే బాలుని రెండు భాషలలోను పరీక్షించగలిగితే ఇంకను మేలు. వేల్స్ పరిశోధకులు చేసినదదే. అప్పుడు పోలిక బాలునికి బాలునితో కాక, బాలునికి తనతోనే. సగంమందికి తెలుగు ముందు, సగంమందికి మరాఠీ ముందు పెట్టుట మరువరాదు.

ఈ సందర్భంలో కటపయాది సంఖ్యాపద్ధతిని స్మరింపకుండ ఉండలేము. అంకెలను హల్లులుగా మార్చి, వాటిని అర్థవంతమైన పదంగా కూర్చి గుర్తుంచుకొనుట పూర్వుల ఉపాయం. మేచకల్యాణి అనగానే సంగీతజ్ఞునికి అరువదియైదవ మేళకర్త స్ఫురిస్తుంది. విడి అంకెలను గుత్తిగా కట్టి ధారణ హద్దును దాటుట అనునది మిల్లర్ వ్యాసంలోని ప్రధానాంశాలలో ఒకటి. సంస్కృత పాఠశాల విద్యార్థులను పరీక్షించేటప్పుడు వారిలో ఎవరికి ఈ పద్ధతి తెలుసునో అదియును పట్టికకెక్కవలెను. లేనిచో నేర్చిన ఉపాయాన్ని పుట్టుకతో వచ్చిన శక్తిగా పొరబడతాము.

ప్రశ్నల వారీ పరీక్ష

అంకెలకే ఇంత చిక్కు ఉంటే, పదాలతో కూడిన పరీక్షల సంగతి చెప్పనక్కరలేదు. వృద్ధుల జ్ఞాపకశక్తిని పరీక్షించుటకు 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ రూపొందించిన ప్రసిద్ధ ప్రశ్నావళిలో 'ప్రపంచం' అను అర్థం గల ఐదక్షరాల ఆంగ్లపదాన్ని చివరి నుండి మొదటికి అక్షరాలు విడదీసి చెప్పమంటారు. తెలుగులో 'ప్రపంచం' అను పదాన్ని వెనుక నుండి చెప్పుట ఎట్లు? అక్షరాలుగా మూడే. వర్ణాలుగా విడదీస్తే నిరక్షరాస్యునికి, ఆ మాటకు వస్తే అక్షరాస్యునికి కూడ, అది పరీక్ష కాదు, శిక్ష. హర్యానాలోని బల్లబ్‌గఢ్ గ్రామాలలో వాడుటకు సిద్ధపరచిన హిందీ ప్రశ్నావళిలో దీనికి బదులు వారాల పేర్లను వెనుక నుండి చెప్పించారు. అనువాదం కంటె ఇది కష్టమైన పని, సరియైన పని.

ఒక ప్రశ్న ఒక భాషవారికి అన్యాయం చేయుచున్నదా అని తెలుసుకొనుటకు ఆర్ తోడ్పడుతుంది. మొత్తం మార్కులు సమానంగా ఉన్న తెలుగు, మరాఠీ బాలురలో ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం ఒక వర్గం ఎక్కువగా తప్పుతున్నదా అన్నది విచారణీయాంశం. ఒప్పు తప్పులను ఎడమవైపు, మొత్తం మార్కులను, భాషను కుడివైపు ఉంచి 'జీఎల్ఎం' ఆదేశమిచ్చి, భాషను చేర్చుట వలన సమీకరణం మెరుగైనదా అని 'అనోవా' ఆదేశంతో అడుగవచ్చును. ఆ ఆదేశంలో పరీక్షాపద్ధతిని ఎన్నుకొనుచోట 'రావు' అను పేరును టైపు చేయవచ్చును. ఆ రావు కల్యంపూడి రాధాకృష్ణరావు. 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం అభ్యసించి, కలకత్తాలో మహలనోబిస్ నెలకొల్పిన సంస్థలో పనిచేసిన ఆ శాస్త్రవేత్త 1948లో ప్రకటించిన పరీక్ష అది. ఆయన 2023లో కీర్తిశేషులైనారు. ప్రపంచమంతట విద్యార్థులు ఆ పేరును ఆదేశంగా వాడుతున్నారు.

పరీక్షలోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నవో చూచుటకు 'సైక్' ప్యాకేజీలోని 'ఆల్ఫా' ఆదేశం ఉన్నది. 1951లో క్రాన్‌బాక్ వ్యాసం వలన ప్రసిద్ధమైన కొలత ఇది. అంకెల పరీక్షకు మాత్రం దీనిని యథాతథంగా వాడరాదు. రెండు తప్పుల తరువాత పరీక్ష ఆపివేస్తాము గనుక మిగిలిన ప్రశ్నలన్నింటికి సున్నలే పడతాయి. ఆ సున్నలన్నీ కలిసికట్టుగా నడుస్తాయి గనుక ఆల్ఫా ఉన్నదాని కంటె పెద్దదిగా కనబడుతుంది. 0.9 చూచి సంతోషించే ముందు ఆ సున్నలలో ఎన్ని బాలుడు నిజంగా తప్పినవో లెక్కపెట్టవలెను.

భాషను పట్టికలో సక్రమంగా నమోదు చేసినప్పుడు ఏమి దొరుకునో చెప్పుటకు హైదరాబాదులో జరిగిన పరిశోధన ఒకటి చాలును. నిమ్స్ ఆస్పత్రికి చెందిన సువర్ణ అల్లాడి, సహచరులు మతిమరపు వ్యాధికి గురియైన 648 మంది వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలను ప్రకటించారు. వారిలో 391 మంది రెండు లేక అంతకు మించిన భాషలు మాట్లాడేవారు. ఏకభాషుల కంటె వీరిలో వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా ఆరంభమైనట్లు తేలినది. బహుభాషులు ఎక్కువ చదివినవారు, పట్టణవాసులు అయినందువలన ఇట్లు జరిగినదేమో అన్న శంక సహజం. విద్య, వృత్తి, నివాసం మున్నగు వరుసలు పట్టికలో ఉన్నందున వాటి ప్రభావాన్ని వేరుచేసి చూడగలిగారు. తేడా నిలిచినది. బడి మెట్లెక్కని నిరక్షరాస్యులలో కూడ అది కనబడినది. ఆస్పత్రికి వచ్చినవారి వివరాలే గనుక ఊళ్లలోని వారందరికి దీనిని వర్తింపజేయుటలో జాగ్రత్త అవసరం. అయినను నాలుగు భాషల నడుమ పెరిగే మద్నూర్ బాలుని భాషను పట్టికలో ఒకే గడికి కుదించుట ఎంత నష్టమో దీనివలన తెలుస్తుంది.

ఆదేశాలను వ్రాసే పద్ధతి మేలని చెప్పుటకు కారణం ప్రాచ్యవిద్యావేత్తలకు సుపరిచితమైనదే. తాళపత్రప్రతిని పరిష్కరించేవారు మాతృకపై కలం పెట్టరు. పాఠభేదాలను, సవరణలను అధోజ్ఞాపికలలో చూపుతారు. పట్టికకును అదే మర్యాద. వచ్చిన సంఖ్యలను వచ్చినట్లే ఒక ఫైలులో తాకకుండ ఉంచవలెను. 55ను 5గా దిద్దుట, ఒక బాలుని వరుసను తొలగించుట వంటి ప్రతి మార్పును వేరొక ఫైలులో ఆదేశంగా వ్రాసి, దాని పక్కన కారణాన్ని తెలుగులోనే వ్యాఖ్యగా చేర్చవచ్చును. వరుస మొదట ఒక హాష్ గుర్తు పెడితే ఆర్ ఆ వ్యాఖ్యను గణనలోనికి తీసుకోదు. మరొక కళాశాలలోని అధ్యాపకుడు ఆ రెండు ఫైళ్లను తెప్పించుకొని, మొదటి ఆదేశం నుండి చివరి ఆదేశం వరకు నడిపించి, అవే సంఖ్యలు వచ్చునో లేదో తన కంప్యూటరుపై సరిచూచుకొనగలడు. వ్యాసంలో ఆర్ ప్రతి సంఖ్యను, వాడిన ప్యాకేజీల పేర్లను కూడ పేర్కొనవలెను. 'సైటేషన్' అను ఆదేశం ఇచ్చినచో వాటిని ఏ రూపంలో ఉదహరింపవలెనో ఆర్ స్వయంగా చెబుతుంది.